చావడి ముందు చెప్పులు

ఆ రోజు సుంకన్న తత్వం పాడలేదు. తంబుర గోడకు ఆనించి తిమ్మక్క ముందు ఊరకే కూర్చున్నాడు.

తిమ్మక్క సాలెవాళ్ళ ఇంటి ముసలామె. కొండ కింద పాకలో ఉంటుంది. కులం అడక్కుండా ఎవరికైనా ఉపదేశం ఇస్తుంది. ఊరి మునసబు కూడా ఆమె కనబడితే చేతులు జోడిస్తాడు. సుంకన్న చెప్పులు కుట్టేవాడు. ఆమె శిష్యుల్లో మంచి గొంతు అతనిదే.

"ఏమైందిరా?" అందామె.

"స్వరాజ్యం వచ్చిననాడు చావడి ముందర జెండా ఎగరేసినారు గదమ్మా. ఇంక ఈ ఊళ్ళో ఎవురూ ఎవురికీ తక్కువ గాదని నాయకుడు చెప్పినాడు. నేను నమ్మినా. ఆ వారమే నాకోసరం ఒక జత కుట్టుకున్నా."

"ఊఁ."

"ఇప్పటికీ చావడి కాడికొస్తే అవి కాళ్ళకుండకూడదు, చేతిలో పట్టుకోని పోవాల. ఓట్లు గూడా వేసినాం. నిన్న ఆ నాయకుడే జీపులో వస్తే అడిగినా. ఓపిక పట్టు సుంకన్నా, అన్నీ ఒక్కొక్కటే వస్తాయన్నాడు. మా దాకా ఎప్పుడొస్తాదమ్మా అది?"

తిమ్మక్క కర్ర అందుకుని లేచింది.

"పద, ఊళ్ళోకి పోయొద్దాం."

ఎండ చల్లబడుతోంది. చావడి అరుగు మీద మునసబూ, ఇంకొందరూ కూర్చుని ఉన్నారు. దూరం నుంచే సుంకన్న నడుం అలవాటుగా వంగింది. చెప్పులు విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

తిమ్మక్క ఆగింది. అతని చేతిలోంచి ఆ చెప్పులు లాక్కుంది. కర్ర పక్కన పడేసి, నడివీధిలో మోకాళ్ళ మీద కూర్చుంది. అతని కుడికాలు పట్టుకుని చెప్పులోకి తోసింది.

సుంకన్న కాలు వెనక్కి లాక్కోబోయాడు. "అమ్మా! నువ్వు నా కాళ్ళు పట్టుకునేదేంది? నాకు పాపం తగులుతాది!"

"ఎడమకాలు," అందామె.

మునసబు అరుగు మీద నుంచి లేచాడు. "తిమ్మక్కా, నీకేమన్నా మతి పోయిందా? వాని చెప్పులు నువ్వు ముట్టడమా? రేయ్ సుంకా, తియ్‌రా చెప్పులు!"

ముసలామె మోకాళ్ళ మీదే ఉండి తల తిప్పింది.

"వాడు విప్పినప్పుడల్లా నేను తొడుగుతా నాయనా. నాకింక వేరే పని లేదు."



సుంకన్న ఆమె నెరిసిన తల కేసి చూశాడు. ఎడమకాలు తనే చెప్పులో పెట్టుకున్నాడు. రెక్క పట్టి ఆమెను లేపి, కర్ర చేతికిచ్చాడు. తర్వాత నడుం నిటారుగా నిలిపి, చావడి ముందు నుంచి, వీధికి ఓరగా కాకుండా నడిమధ్యన నడిచాడు. వెనక కేకలు మొదలయ్యాయి. అతను తిరిగి చూడలేదు.

వీధి మలుపు దాటాక ఆమె కోసం ఆగాడు.

"అమ్మా, రేపు నువ్వు వెంట లేకుంటే నన్ను కొడతారు."

తిమ్మక్క చేతుల దుమ్ము కొంగుకు తుడుచుకుంది.

"కొట్టొచ్చు," అంది. "ఎల్లుండి గూడా తొడుక్కునే నడువు."