మొదటి సొరకాయ

అనగనగా కృష్ణ మధ్యలో, చుట్టూ నీళ్ళున్న ఒక లంక ఊళ్ళో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు, అమ్మలూ. అక్క పేరు దీవెనమ్మ, చెల్లెలు సువార్త. ఇద్దర్నీ ఒకే ఇంటి అన్నదమ్ములకిచ్చారు. పక్కపక్కనే ఇళ్ళు, మధ్యలో నడుమెత్తు మట్టిగోడ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, దోమలు కుడతాయి.

వాళ్ళ దేవుడు ఆదివారం ఒక్కపూట దేవుడు కాదు. రోజూ పొయ్యి ముట్టించే ముందు అక్క పాట ఎత్తుకునేది, "పొద్దు పొడిచెను ప్రభువా, పొయ్యి రాజేసితిని" అని. అప్పుడు చెల్లెలు గోడ అవతలినించి అందుకునేది, "నిప్పు నీదే ప్రభువా, మెతుకు నీదే ప్రభువా" అని. ఆ తర్వాతే రెండిళ్ళలోనూ పొగ లేచేది.

ఒక ఏడు అక్క తన పెరట్లో సొరవిత్తు నాటింది. తొలికాయ కోతపండుగకి చర్చిలో పెట్టాలనుకుంది. మనవాళ్ళలో అంతేగా, ఏది కాసినా మొదటిది దేవుడిది. కానీ పాదుకేం తెలుసు? గోడెక్కింది, అవతలికి దిగింది, చెల్లెలి పాక మీదకి పాకి అక్కడ కాసింది. చెల్లెలు ఆ కాయ కింద గడ్డి పరిచింది, కోతులు రాకుండా కాపలా కాసింది. నా కప్పు మీద కాసింది, నేనే దేవుడికి పెడతాననుకుంది. చూశావా చోద్యం, తినడానికి కాదు, ఇవ్వడానికి పోటీ.

పండుగరోజు చెల్లెలు కాయ కోసి, శుభ్రంగా కడిగి, చర్చిలో అందరి కానుకల పక్కన పెట్టింది. అక్క చూసింది. చూసి ఊరుకోకూడదూ? లేచి నిలబడి, సంఘమంతా వినేట్టు, "దొంగకాయ దేవుడికి పెడతావుటే?" అంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు. చెల్లెలు కొంగు తలమీదకి లాక్కుని బయటికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అక్క పాట ఎత్తుకుంది. అవతలినించి ఏమీ రాలేదు. ఉత్త పొగ లేచింది.

ఆ తర్వాత నెల మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం ఇస్తారు. బల్లకి ముందు అయ్యగారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. "తోబుట్టువుతో పట్టింపు ఉన్నవాళ్ళు ముందు వెళ్ళి సమాధానపడండి, ఆనక రండి." అక్క లేవబోయి కూర్చుండిపోయింది. నేను పెద్దదాన్ని, అదే రావాలి అనుకుంది. చెల్లెలు చర్చికే రావడం మానేసింది.

క్రిస్మస్ వచ్చింది. అరిసెలకి ఇద్దరుండాలి కదమ్మా, ఒకరు తడితే ఒకరు వేయించాలి. ఆ ఏడు అక్క ఒక్కత్తే తట్టుకుని, ఒక్కత్తే వేయించుకుంది. సగం మాడిపోయాయి. గోడవతల చెల్లెలు దగ్గితే చాలు, చేతిలో పని ఆపి చెవులు రిక్కించి వినేది. అంత బెంగ పెట్టుకుంది, కానీ నడుమెత్తు గోడ దాటలేకపోయింది.

రెండో నెల బల్లకి ముందు అక్క చేపల పులుసు వండి, మొగుడు యోబు చేతికిచ్చి పంపింది. గిన్నె మూత తియ్యకుండానే తిరిగొచ్చింది. "'మా అక్క నోరు ఊళ్ళో అందరికీ వినబడింది, నా గుమ్మం ముందుకొచ్చి పలకలేదా' అంది మీ చెల్లెలు," అన్నాడు యోబు. నిజమే కదా మరి. ఆ నెలా అక్క బల్ల దగ్గరకి పోలేదు.

మూడో నెల, శనివారం సాయంత్రం, అక్క మనసు చిక్కబట్టుకుని చెల్లెలి గుమ్మం ముందుకెళ్ళింది. తలుపుకి తాళం. మిరపకోతలకి పల్నాడు వైపు పోయారంది ఎదురింటావిడ, ఏ ఊరో కూడా చెప్పింది. మళ్ళీ రావడం ఎండలు ముదిరాకే. అక్క ఆ గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. ఏడవదూ పాపం.

తెల్లారి చర్చిలో మొదటి గంట కొడుతుంటే ఆమె పడవెక్కింది. ఒడ్డున అయ్యగారు ఎదురొచ్చారు. "ఇవాళ బల్ల ఉంది కదమ్మా, ఎక్కడికి?" అన్నారు. "చెల్లెలి దగ్గరికండీ," అంది. ఆయన పడవని తనే తోశారు.

పడవ దిగి, రెండు బస్సులు మారి, ఎండెక్కాక ఆ చేనుకి చేరింది. అందరూ ముఖాలకి గుడ్డలు కట్టుకుని కాయలు కోస్తున్నారు. అయినా వంగిన నడుం చూసే చెల్లెల్ని గుర్తుపట్టింది. గట్టు మీద నిలబడి, కూలీలందరూ వినేట్టు అంది: "సువార్తా, నలుగురిలో నిన్ను దొంగన్నాను. నలుగురిలోనే అడుగుతున్నా, నన్ను మన్నించవే."

చెల్లెలు తలెత్తలేదు. కోస్తూనే ఉంది. అప్పుడు అక్క ఏం చేసిందనుకున్నావు? కొంగు దోపుకుని పక్క సాలులోకి దిగి తనూ కోసింది. వేళ్ళు మండాయి, కళ్ళు మండాయి. ఇద్దరి మధ్యా ఒక్క మిరపసాలు. అంత దగ్గర్లో చెల్లెలుండి మూడు నెలలైంది. అది పలక్కపోయినా బాగుందనిపించింది అక్కకి.

మధ్యాహ్నం అందరూ వేపచెట్టు కింద అన్నానికి కూర్చున్నారు. చెల్లెలు క్యారేజీ విప్పింది. ఒక్కటే పళ్ళెం ఉంది, అది ఇద్దరి మధ్యా పెట్టింది. అక్కవైపు చూడలేదు. ముఖానికున్న గుడ్డ తీసి, కళ్ళు మూసుకుని రోజూ చేసే ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. మా అక్క వచ్చినందుకు స్తోత్రం."

ఆమేన్ అనాలి కదా అక్క. కొంగులో ముఖం దాచుకుంది. చుట్టూ ఉన్న కూలీలే అన్నారు ఆమేన్.

ఇక కళ్ళు మూసుకో, అమ్మలూ.

కథ పోయె కంచికి,
కోడి పోయె గంపకి,
నువ్వు రావే పక్కకి,
మనం ఇంక నిద్రకి.