గారెల బండి పొగకుండ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సూరమాంబ. ఆమె చెప్పిన దాంట్లో ఒక్క మాట పొల్లుపోనివ్వను.

వెనకటికో రాజు, కోట గోడలు మసిబారుతున్నాయని చాటింపు వేయించాడు: పొయ్యి పెట్టుకుని తిరిగే ప్రతి తోపుడు బండికీ పొగగొట్టం మీద మసి పట్టే కుండ ఉండాలి, దాని మీద రాజముద్ర ఉండాలి. గారెలమ్మే పుల్లమ్మ కుండ తిరనాళ్ల ముందురోజే పగిలింది. కుమ్మరి దగ్గర, లోపల జల్లెడ ఉన్న ముద్రకుండ కొని తగిలించుకుంది.

కోట వాకిట సుంకరి వీరభోజుడు బండి ఆపాడు. "ఇది చెల్లదు. మా బావమరిది అంగట్లో రాగికుండ కొను. లేదంటే బండి జప్తు!"

ఆ రాగికుండకు ముద్ర ఉంది గానీ లోపల ఒట్టి డొల్లని ఊరంతటికీ తెలుసు.

"అట్టాగే దొరా, ఇప్పుడే కొంటా," అంది పుల్లమ్మ. "తమరి తెల్ల తలపాగా ఓసారి ఇప్పించండి. రెండు కుండలూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ఆ పొగ మీద పట్టి చూస్తా. తలపాగాను తెల్లగా ఉంచిన కుండే నాది."

"చట్టం చూసేది ముద్రనే, పొగను కాదు!"

"ముద్ర ఉందిగా, మరి తలపాగాకి భయమెందుకు దొరా?"

సుంకరి రెండు చేతులా తలపాగా పట్టుకున్నాడు. జనం గొల్లున నవ్వారు. "పో, పోవే!" అంటూ దారి వదిలాడు.

ఆనాటి నుంచి అందరూ కుమ్మరి కుండే కొన్నారు. ఊరు పీల్చిన మంచి గాలి ఆ తల్లి పెట్టిన భిక్షే. ఆమెకు నా దండం.

ఎవరో పంతులు ఈ తెలివి మంత్రిదని పుస్తకంలో రాశాడట. నాకు అక్షరాలు అంతంతమాత్రం గానీ, ఆ తెలివి ఎవరిదో మాత్రం మర్చిపోను. రాయగలవాళ్లెవరైనా మంత్రి పేరు కొట్టేసి అక్కడ పుల్లమ్మ పేరు పెట్టండి.