పళ్లెంలో బియ్యం, నోట్లో పేరు

అనగా అనగా అని అందరూ హుషారుగా మొదలుపెడతారు. ఈ కథ మాత్రం అనకుండా ఉంటేనే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది. అయినా చెప్పక తప్పదు. ఊఁ కొట్టండి మరి.

ఏటిగట్టున కంచుపాడు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో కూర్మయ్య అనే కంచరి ఉండేవాడు. గుళ్లకు గంటలు పోసేవాడు. ఇళ్లకు పళ్లేలు, చెంబులు పోసేవాడు. చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఎవరింట పెళ్లయినా, బిందె మీద పెళ్లికూతురి పేరు చెక్కేది అతనే. కూర్మయ్య ఉలి కింద పడిన పేరు మూడు తరాలు చెరగదని చెప్పుకునేవారు.

కొలిమి ముందు కూర్చుంటే అతనికి తిరుగులేదు. కొలిమి దగ్గర నుంచి లేచాడా, ఇక వేరే మనిషి. కాళ్లు ముందు కడుక్కోవాలా, ముఖం ముందు కడుక్కోవాలా అని కూడా మీనమేషాలు లెక్కపెట్టే రకం.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు అతని భార్య రాజులమ్మ ఆడపిల్లను కన్నది. కూర్మయ్య ఆనందం అంతా ఇంతా కాదు. ఆ ఆనందం వెనకే దిగులు కూడా వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఊరందరి బారసాలల్లో తిని వచ్చాడు. ఇప్పుడు తను పెట్టాలి. ఎవరికి పెట్టాలి? ఎంతమందికి పెట్టాలి? ఏం పెట్టాలి?

ఆ ఇంట్లో బారసాలకు ఒక ఆచారం ఉంది. తండ్రి కంచు పళ్లెంలో బియ్యం పోసి పట్టుకోవాలి. నాయనమ్మ ఆ బియ్యంలో వేలితో పేరు రాయాలి. రాసేదాకా ఆ పేరు ఆమె నోటి నుంచి బయటికి రాకూడదు. ముందే పలికితే మృత్యువు వింటుందని వాళ్ల నమ్మకం.

ఆ నాయనమ్మ పేరు తవిటమ్మ. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోది కూడా దక్కదేమోనని తల్లిదండ్రులు బిడ్డను చేటలో పడుకోబెట్టి పొరుగింటికి ఇచ్చేసి, చారెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు. ఇంత విలువలేని పిల్లను మృత్యువు పట్టించుకోదని. పిల్ల బతికింది. పేరు మాత్రం తవుడుగానే మిగిలిపోయింది. అరవై ఏళ్లుగా ఆమెను ఎవరు పిలిచినా తవుడనే పిలిచారు.

అందుకే ఆమె మనవరాలి కోసం ఒక మంచి పేరు దాచుకుంది. చదువు రాదు. ఎప్పుడో బడిపంతులు దగ్గర కూర్చుని ఆ ఒక్క పేరుకు కావలసిన అక్షరాలు మాత్రం, పేరు పలక్కుండా విడివిడిగా అడిగి నేర్చుకుంది. ఆ బడిపంతులు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడా పేరు ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇరవై ఒకటో రోజు దగ్గరపడింది. తవిటమ్మ కొడుకును పిలిచింది.

"నాయనా కూర్మా, గుప్పెడు బియ్యం పొయ్యి. ఇంత బెల్లం ముక్క పెట్టు. ఇరుగమ్మనీ పొరుగమ్మనీ పిలువు. నా వేలు పెట్టి రాసేస్తాను."

"అలాగేనమ్మా," అన్నాడు కూర్మయ్య. నిజంగానే అలాగే చేద్దామనుకున్నాడు. మంచి కొడుకే, కాదనను.

దారిలో బావమరిది సన్నాసి ఎదురయ్యాడు. సంగతి విని నోరు వెళ్లబెట్టాడు.

"ఇద్దరమ్మలక్కలతో సరిపెడతావా బావా? మన వీధిలో ముప్పై గడపలు. ఇద్దరిని పిలిస్తే ఇరవై ఎనిమిది మంది ముఖం తిప్పుకుంటారు. తొమ్మిదేళ్లకు పుట్టిన పిల్ల, దొంగచాటుగా పేరు పెడతామా?"

ఆ మాట కూర్మయ్య మనసులో పడింది. వీధంతా పిలుద్దామంటే ముసురు పట్టి కట్టెలన్నీ తడిసిపోయి ఉన్నాయి. ఇంటివరకే చేద్దామంటే ఇరవై ఎనిమిది ముఖాలు కళ్లముందు తిరుగుతున్నాయి. ఇటా అటా అని నాలుగు రోజులు తిరిగాడు. ఇరవై ఒకటో రోజు వచ్చింది, వెళ్లింది.

"మూడో నెలలో నిండుగా చేద్దామమ్మా," అన్నాడు.

తవిటమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని, "అప్పటిదాకా నువ్వు ఉత్త పాపవేనే తల్లీ," అంది.

మూడో నెల వచ్చింది. వాన వెలిసింది. కట్టెలు ఎండాయి. వీధికి పెట్టడానికి కూర్మయ్య సిద్ధపడి, ముహూర్తం కోసం పురోహితుడు అవధానులుగారి దగ్గరికి వెళ్లాడు. ఆయన పంచాంగం విప్పకముందే నోరు విప్పారు.

"ఏమోయ్, ఊళ్లో గుడిగంట పోసినవాడివి. ఊరంతా నీ గంట విని లేస్తుంది, నీ గంట విని పడుకుంటుంది. ఒక్క వీధికి పెట్టి ఊరిని వదిలేస్తావా?"

ఆయన మాటా నిజమేననిపించింది. ఊరికైతే బూరెలు పెట్టాలా, పులిహోర పెట్టాలా? పందిరి ఇంటిముందు వెయ్యాలా, మండువా సరిపోతుందా? పడమటి వీధివాళ్లకూ తూర్పు వీధివాళ్లకూ పడదు, ఎవరిని ముందు కూర్చోబెట్టాలి? రాత్రి బూరెలనుకుంటే తెల్లారేసరికి పులిహోర అయ్యేది. ఇలా అనుకుంటూ ఉండగానే ముహూర్తం దాటిపోయింది.

ఆ రోజు తవిటమ్మ కర్ర పట్టుకుని కొలిమి దాకా నడిచి వచ్చింది. అప్పటికే ఆమెకు నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"ఒరే కూర్మా, కంచు కరిగి మూసలో సిద్ధంగా ఉంది. చెంబు పొయ్యాలా గంట పొయ్యాలా అని నిలబడి ఆలోచిస్తావా?"

"అలా ఎలా కుదురుతుందమ్మా? కరిగిన కంచు ఆగదు. మూసలోనే బిగుసుకుపోతుంది."

"నేను మాత్రం ఆగుతానా?"

కూర్మయ్య పటకారు కింద పెట్టాడు. అయినా, "అది వేరు, ఇది వేరమ్మా. ఆరో నెలలో అన్నప్రాశనతో కలిపి చేసేద్దాం. నా మాట నమ్ము," అన్నాడు. ఆమె నమ్మలేదు. కర్ర పట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆలి లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత చెబుతారు. కూర్మయ్య ఇంట్లో తిరకాసు చూడండి. ఆలి ఉంది, చూలు పండింది, బిడ్డ బోర్లాపడి పాకుతోంది. పేరే లేదు. ఊరందరి పేర్లూ చెక్కే చెయ్యి, కూతురిని ఏమని పిలవాలో తెలియక చిటికెలు వేసి పిలిచేది. నీళ్లరేవులో అమ్మలక్కలు, "కంచరివాళ్ల పేరులేని పిల్ల ఎలా ఉందే?" అని రాజులమ్మను అడిగేవారు. రాజులమ్మ తల వంచుకుని బిందె ఎత్తుకునేది.

ఒకరోజు ఆమె అత్తగారి పక్కన కూర్చుని అడిగింది. "అత్తా, నా చెవిలో చెప్పు. నేను ఎవరికీ చెప్పను."

"వద్దమ్మా. నాకు ముందు పుట్టిన ముగ్గురిని తిన్న మృత్యువు, ఈ పిల్ల పేరు వింటే ఊరుకుంటుందా? పళ్లెం పట్టమని నీ మగణ్ని అడుగు."

రాజులమ్మ అడిగింది. బియ్యం కొలిచి, పళ్లెం తెచ్చి మగడి చేతికి అందించింది. "మావా, ఈ పూటే కానియ్యి. ఎవరూ రాకపోయినా పరవాలేదు. మీ అమ్మ ఉంది, నేనున్నాను, పిల్ల ఉంది. ఇంకెవరు కావాలి?"

కూర్మయ్య పళ్లెం అందుకున్నాడు. చూశాడు. మళ్లీ గూట్లో పెట్టేశాడు. "ఇంకెన్ని రోజులే? ఆరో నెల ముహూర్తం పెట్టించేశాను. ఈసారి తప్పదు," అన్నాడు.

ఈసారి నిజంగానే పందిరి వేశాడు. మామిడాకులు కట్టాడు. ఊరంతా పిలిచాడు. రేపు బారసాల అనగా రాజుగారి దివాను నుంచి కబురొచ్చింది. "రాజుగారి కోటకు గంట పోసిన కూర్మయ్య ఇంట శుభకార్యమని విన్నాం. మేము కూడా వస్తాం. ఎనిమిది రోజులు ఆగు."

దివాను గడప తొక్కడమంటే మాటలా? కూర్మయ్య కాసేపు ఊగిసలాడాడు, తర్వాత ఎనిమిది రోజులు ఆగడానికే ఒప్పుకున్నాడు. సలహా ఇచ్చిన ముగ్గురిలో ఎవరికీ చెడ్డబుద్ధి లేదు. వచ్చిన చిక్కంతా అదే. చెడ్డబుద్ధి ఉంటే కూర్మయ్య అయినా అనుమానపడేవాడు.

నాలుగో రోజు పొద్దున కూర్మయ్య కొలిమి దగ్గర ఉండగా రాజులమ్మ పరుగెత్తుకొచ్చింది. "మావా, అత్త పడిపోయింది. నోరు వంకర పోయింది. మాట రావడంలేదు."

కూర్మయ్య పనిముట్లన్నీ ఎక్కడివక్కడ పారేసి పరుగెత్తాడు. తవిటమ్మ మంచం మీద ఉంది. కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. కళ్లు మాత్రం తిరుగుతున్నాయి. ఆ కళ్లు కొడుకును చూశాయి, గూట్లో ఉన్న పళ్లేన్ని చూశాయి.

కూర్మయ్యకు అర్థమైంది. పందిరి వద్దు, బూరెలు వద్దు, దివాను వద్దు. పళ్లెం దించి బియ్యం పోశాడు. పిల్లను తవిటమ్మ పక్కన పడుకోబెట్టి, పళ్లెం పట్టుకున్నాడు. తవిటమ్మ ఎడమచేతి వేలు బియ్యంలో పెట్టింది. మెల్లగా ఒక గుండ్రం గీసింది. అక్కడితో వేలు ఆగిపోయింది. చెయ్యి పక్కకు జారింది.

అంతే. ఒక్క గుండ్రం.

మన అక్షరాలు మీకు తెలుసు కదా. సగం అక్షరాలు గుండ్రంతోనే మొదలవుతాయి. అది ఏ అక్షరానికి మొదలో ఎవరు చెప్పగలరు? అవధానులుగారు వచ్చి చూసి 'చ' అన్నారు. సన్నాసి 'వ' అన్నాడు.

కూర్మయ్య తల్లి తల దగ్గర కూర్చున్నాడు. తను ఉలి పట్టిన దగ్గర నుంచి చెక్కిన పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పసాగాడు. "చంద్రమ్మా అమ్మా? వరాలమ్మా? లచ్చమ్మా? రాములమ్మా?" ఒక్కో పేరు చెప్పి ఆమె కళ్లలోకి చూసేవాడు. మూడు రోజులు అలాగే చెప్పాడు. వందల పేర్లు చెప్పాడు. తవిటమ్మ మొదట తల అడ్డంగా కదిపింది. తర్వాత కదపడానికీ శక్తి లేకపోయింది. కూర్మయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో రోజు సాయంకాలానికి ఆమె ఊపిరి ఎగశ్వాసలోకి వచ్చింది. రాజులమ్మ కళ్లు తుడుచుకుని లేచింది.

"మావా, పళ్లెం పట్టు. ఆమె కళ్లు తెరిచి ఉండగానే పేరు పెట్టెయ్యాలి."

"ఏం పేరే? అమ్మ అనుకున్నది కాకపోతే? ఒకవేళ..."

"ఇంకా ఒకవేళేనా?" అంది రాజులమ్మ. గొంతు పెంచలేదు. "నాకు చదువు రాదు. ఆ గుండ్రం మీద ఏం పెడితే 'ర' అవుతుందో అది పెట్టు. పాపం, జీవితమంతా తవుడని పిలిపించుకుంది. మనవరాలికి రతనాలు అని పెట్టుకోవాలని ఉండదా?"

కూర్మయ్య ఆ గుండ్రం మీద తలకట్టు పెట్టాడు. మిగతా అక్షరాలు పక్కన రాశాడు. పిల్ల చెవిలో మూడుసార్లు, "రతనాలు" అన్నాడు. పందిట్లో మామిడాకులు ఎండి గలగలమంటున్నాయి. ఇంట్లో ఉన్నది నలుగురే. బెల్లం ముక్క పెట్టడం కూడా ఎవరికీ గుర్తులేదు. అయినా ఆ బారసాల జరగడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు. ఇరవై ఒకటో రోజునే అది చెయ్యగలిగేవాడు.

ఆ పేరు విన్నప్పుడు తవిటమ్మ కంట్లోంచి ఒక చుక్క జారింది. పేరు కుదిరిందని జారిందో, తను దాచిన పేరు తనతోనే పోతోందని జారిందో ఎవరికీ తెలియదు. ఆ సంధ్యవేళే ఆమె కన్నుమూసింది. దివాను వచ్చేసరికి ఇంట్లో దినాలు నడుస్తున్నాయి. ఆయన గడప బయటే నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్లిపోయాడు.

పిల్ల పెరిగింది. మాటలు నేర్చింది. ఊరంతా రతనాలు అనే పిలిచింది, పిల్లా పలికింది. ఒకరోజు అన్నం తింటూ తండ్రిని అడిగింది.

"నాన్నా, నాయనమ్మ నా కోసం దాచిన పేరు ఇదేనా?"

కూర్మయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎంతమంది పేర్లో చెక్కినవాడు, ఆ ఒక్క ప్రశ్నకు బతికున్నన్నాళ్లూ జవాబు చెప్పలేకపోయాడు.

అందుకే పెద్దలు ఆలస్యం అమృతం విషం అన్నారు. పదిమంది మెచ్చేలా రేపు చేద్దామనుకున్న పండగకన్నా, మనవాళ్లు మన మధ్య ఉండగా ఇవాళ గుప్పెడు బియ్యంతో చేసుకున్న పండగే పెద్దది.