ఫోటో తీసినాయన ఎక్కడ నిలబడ్డాడు?

ఓదెలుకు అనుమానం పట్టుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! అన్నం ముందు కూర్చున్నా ఆ ఫోటోయే, కళ్ళు మూసుకున్నా ఆ ఫోటోయే.

ఓదెలు గురువు ఖలందర్ ఉస్తాద్. పేపర్లకు ఫోటోలు తీసీ తీసీ జుట్టు నెరిసినవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకు ఆ విద్యే నేర్పుతున్నాడు. ఏటా మొదటి పాఠానికి ఒకే పాత ఫోటో గోడకు తగిలిస్తాడు. బొంబాయిలో కూలీలు అద్దెకుండే ఒక చాల్ గది. పాలమూరు నుంచి మట్టిపనికి వలసపోయిన జనం, గోడ నుంచి గోడ దాకా. ఒకరి కాళ్ళ దగ్గర ఇంకొకరి తల. అందరి కళ్ళూ కెమెరా మీదే. ఉస్తాద్‌కు పని నేర్పిన గురువు తీసిన ఫోటో అది. పట్నం పేదవాడికి ఎంత జాగా ఇస్తుందో ఆ ఒక్కదానితోనే చెప్పేవాడు.

ఈ ఏడు ఆ పాఠం ఓదెలును చెప్పమన్నాడు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు కదా! మనవాడు మొహం గంటు పెట్టుకున్నాడు.

“నేను చెప్పను ఉస్తాద్.”

“ఏమైందిరా?”

“ఆ ఫోటో మీద నాకు నమ్మకం లేదు. కాలు పెట్టే సందు లేని గది. మరి ఫోటో తీసినాయన ఎక్కడ నిలబడ్డాడు? ఒక పక్క గోడ లేకుండా సెట్టు వేసి తీసుంటాడు. ఆ చూపులు కూడా... బెదిరినట్టు చూడండని కూర్చోబెట్టినట్టున్నాయి.”

గురువు గురువునే దొంగ అన్నట్టు కాదూ! ఉస్తాద్‌కు కోపం రావాలి. రాలేదు. చాయ్ చివరి గుక్క తాగాడు.

“అది దొంగ ఫోటోనే అయితే?”

“రేపట్నుంచి రాను.” ఆ మాట అనడం ఓదెలుకు తేలికా! తండ్రి పోయాక ఇంత అన్నం పెట్టి పని నేర్పిన మనిషాయె.

“కెమెరా తీసుకో,” అన్నాడు ఉస్తాద్.

వానలోనే బయల్దేరారు. కొత్త మేడలు లేస్తున్న చోట, శ్రీకాకుళం నుంచి సెంట్రింగ్ పనికొచ్చినవాళ్ళ రేకుల గదులున్నాయి. వానకు పని ఆగి అందరూ లోపలే ఉన్నారు.

“ఎవులు బాబూ మీరు? ఓనరు పంపినాడేటి?” అన్నాడు ఒక పెద్దాయన. తలకింత అని అద్దె మరి. కొత్త మనిషి వచ్చాడంటే తలలు లెక్కపెట్టడానికేనని వాళ్ళ గుబులు.

“కాదన్నా. వీడు ఫోటో తీయడం నేర్చుకుంటున్నాడు. వద్దంటే పోతాం,” అన్నాడు ఉస్తాద్.

పెద్దాయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. “సరే, బేగి కానిచ్చేయండి.”

“గది మొత్తం రావాలి,” అని ఓదెలుకు చెప్పి ఉస్తాద్ గుమ్మంలో నిలబడ్డాడు.

ఓదెలు చెప్పులు విడిచి లోపలికెళ్ళాడు. కంటికి కెమెరా ఆనించాడు. సగమే వచ్చింది. వెనక్కి జరిగితే మడమకు గిన్నె తగిలింది. పక్కకు జరిగితే ఎవరిదో చెయ్యి. ఇంకొక్క అడుగు, వెనక మూల దొరికితే చాలు! ఆ మూలన ఒక బాలింత పడుకుని ఉంది. ఎవరూ చెప్పకుండానే లేచి, పసిగుడ్డును కొంగులో చుట్టుకుని బయటికి నడిచింది.

ఓదెలు ఆమె వంక చూడనే లేదు. మూలకు వీపు ఆనించి నొక్కాడు.

“వచ్చింది ఉస్తాద్! మొత్తం వచ్చింది! అవే చూపులు!” ఉన్నచోటనే నిలబడి కెమెరా వెనక తెర చూపించాడు.

ఉస్తాద్ తెర చూడలేదు. ఓదెలు కాళ్ళ వంక చూశాడు.

“అది ఎవరి చాప?”

ఓదెలు కిందికి చూసుకున్నాడు. పాదాల కింద చాప ఇంకా వెచ్చగా ఉంది.

రేకు అంచు కింద నుంచి ఆ తల్లి తొంగి చూసింది. “అయిపోనాదా బాబూ? బిడ్డ తడిసిపోతంది.”

మర్నాడు పాఠం ఓదెలే చెప్పాడు. బొంబాయి ఫోటో గోడకు తగిలించి, ఇందులో కనపడనివాళ్ళెవరో చెప్పమన్నాడు.

“ఫోటో తీసినాయన,” అంది ముందు వరసలో ఒక పిల్ల.

“ఇంకా?” అన్నాడు ఓదెలు.