బంతి పట్టుకునే చెయ్యి

నవంబరులో ఒక సాయంత్రం డేరియస్ తన కోచ్ గదికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"శనివారం ఆటలో నోలన్ చేత బంతి తన్నించకండి కోచ్. జట్టులో ఎవరికీ వాడి మీద నమ్మకం లేదు," అన్నాడు.

డేరియస్ ఆ చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఏళ్ల తరబడి ఓటమికి అలవాటుపడిన ఆ జట్టు ఈ సీజన్‌లో వరసగా గెలుస్తూ వచ్చింది. ఊళ్లో దుకాణాల అద్దాల మీద కుర్రాళ్ల పేర్లు రాశారు. పోయిన శనివారం మాత్రం ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. రెండు స్తంభాల మధ్యగా వెళ్లాల్సిన చివరి బంతిని మొదటి సంవత్సరం కుర్రాడు నోలన్ పక్కకి తన్నాడు. ఇక ఒక్క ఆటే మిగిలింది. అది గెలిస్తేనే కప్పు.

కోచ్ విట్లాక్ లేచారు. టోపీ పెట్టుకుని, "పద," అన్నారు.

మైదానంలో నోలన్ ఒక్కడే ఉన్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో తన్నేవాడి కోసం బంతిని నేల మీద నిలబెట్టి, పైన వేలు ఆనించి పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. సీజనంతా ఆ పని చేసింది డేరియసే. ఓడిపోయిన రోజు నుంచి నోలన్‌తో సాధనకు రావడం మానేశాడు. నోలన్ బంతిని ఒక ప్లాస్టిక్ స్టాండుకు ఆనించుకుని తన్నుకుంటున్నాడు.

కోచ్ ఆ స్టాండు తీసి పక్కన పెట్టారు. ఆయనకు కుడి మోకాలు సరిగా వంగదు. మెట్లెక్కడమే కష్టం. డేరియస్ భుజం పట్టుకుని మెల్లగా వంగి, గడ్డకట్టిన బురదలో ఆ మోకాలు ఆనించారు. బంతి నిలబెట్టి వేలు పెట్టారు.

"రా," అన్నారు.

నోలన్ పరుగెత్తుకొచ్చి తన్నాడు. కాలు కోచ్ వేళ్లకు తగిలింది. కుర్రాడు బెదిరిపోయి నిలబడిపోయాడు. ఆయన చెయ్యి ఒకసారి విదిలించుకుని, అదే చేత్తో ఇంకో బంతి నిలబెట్టారు.

డేరియస్ చూడలేకపోయాడు. "లేవండి కోచ్. నేను పట్టుకుంటాను."

"నమ్మకం లేదన్నావుగా."

డేరియస్ నోలన్ వైపు చూశాడు.

"తన్నేటప్పుడు వాడు ఎటు చూస్తాడు?" అని అడిగారు కోచ్.

"స్తంభాల వైపు."

"ఇక్కడ కూర్చుని చూడు," అంటూ లేవడానికి చెయ్యి చాపారు.

డేరియస్ ఆయన్ని లేపి, ఆ బురదలోనే మోకాలు ఆనించాడు. ఇన్నాళ్లూ అతను బంతినే చూసేవాడు. ఈసారి తలెత్తాడు. నోలన్ వస్తున్నాడు. వాడి కళ్లు స్తంభాల మీద లేవు. డేరియస్ వేలి మీద ఉన్నాయి.

చీకటిపడేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. కోచ్ ఎప్పుడు వెళ్లిపోయారో చూసుకోలేదు.

శనివారం వేరే ఊళ్లో ఆట. అక్కడా చివరి బంతి తన్నే బాధ్యత నోలన్ మీదే పడింది. డేరియస్ బంతిని కదలకుండా పట్టుకున్నాడు. నోలన్ తన్నిన బంతి సూటిగా లేచి, స్తంభానికి కొట్టుకుని వెనక్కి పడింది.

కప్పు పోయింది. మిగతావాళ్లు తలలు వంచుకుని బస్సు వైపు వెళ్లారు. నోలన్ హెల్మెట్ తియ్యకుండా గడ్డిలో కూర్చుండిపోయాడు. డేరియస్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"రేపు పొద్దున మైదానానికి రా. బంతి నేను పట్టుకుంటా," అన్నాడు.

"సీజన్ అయిపోయిందిగా," అన్నాడు నోలన్. "నీకిదే ఆఖరి ఆట."

"నాకు. నీకు కాదుగా."

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. మెట్ల దగ్గర నిలబడ్డ కోచ్, డ్రైవర్ని ఆగమని చెయ్యెత్తారు.