కంచె మీది నీలిపూలు

పరాంకుశం అన్నీ వదులుకుని ఆశ్రమానికి వచ్చాడు. కానీ ఒక్క కోరిక మాత్రం వదల్లేదు. పూలతోట తన చేతికి రావాలి. దేవుడికి ఏ పువ్వు పనికొస్తుందో ఆ కొండమీద తనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదని అతని నమ్మకం. ఆ నమ్మకం అతని నడకలో కూడా కనిపించేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. గురువు అనంతయ్య స్వామి కంచె వైపు చెయ్యి చూపించారు. పొద్దున్నే విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుపోయే నీలిపూల తీగ ఒకటి కంచె పొడవునా అల్లుకుని ఉంది. ఎవరూ నాటింది కాదు. స్వామి రోజూ దాని పూలు నాలుగు కోసి దేవుడి దగ్గర పెట్టేవారు.

"ఆ తీగను గుర్తుపట్టి రా నాయనా. తోట నీదే."

పరాంకుశం పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఆకూ, పువ్వూ, గింజా మూటగట్టుకుని కొండ దిగాడు. పట్నంలో చెట్ల శాస్త్రం చెప్పే పంతులుగారిని పట్టుకుని అంతా విచారించాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో కొత్త కొడవలి ఉంది.

"స్వామీ, ఇది మనది కాదు! ఎప్పుడో సముద్రం దాటి ఓడల్లో వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. సెలవిస్తే వేళ్లతో సహా పెరికేస్తాను."

"పెరుకుదువుగాని. ముందు భోంచెయ్యి," అని స్వామి వంటశాలలోకి వెళ్లి వంట చేసే గవరమ్మతో ఏదో చెప్పి వచ్చారు.

పరాంకుశం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పప్పు చప్పగా ఉంది. గోంగూర ఒట్టి పులుపు. ఆ ఆశ్రమంలో ఇల్లూవాకిలీ వదులుకున్నవాళ్లు ఉన్నారు గాని, కారం వదులుకున్నవాడు ఒక్కడూ లేడు. పంక్తిలో అందరూ తలలెత్తారు.

"స్వామీ, గవరమ్మగారు మిరపకాయ వెయ్యడం మరిచినట్టున్నారు."

"మరవలేదు నాయనా. అదీ ఓడ దిగిందేగా."

స్వామి కూడా ఆ చప్పటి అన్నమే నిదానంగా తింటున్నారు.

సాయంత్రం ఆకలి ఆగక పరాంకుశం జామచెట్టు దగ్గరికి వెళ్లాడు. రోజూ జపం చేసుకునేది ఆ చెట్టు కిందే. కాయ మీద చెయ్యి వేసి, ఎందుకో అనుమానం వచ్చి అరుగు మీదున్న స్వామి వైపు చూశాడు. అదీ ఓడలో వచ్చిందే అన్నట్టు స్వామి నవ్వుతూ తల ఊపారు. పరాంకుశం చెయ్యి దించేశాడు. సిగ్గేసింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే కొడవలి పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో కొడవలి లేదు. పూలసజ్జ ఉంది, దాని నిండా నీలిపూలున్నాయి.

"గుర్తుపట్టావా?" అని అడిగారు స్వామి.

"పట్టాను స్వామీ. మన కంచె మీది తీగ."

స్వామి సజ్జ అందుకుని వంటశాల వైపు కేకేశారు.

"గవరమ్మా, ఇవాళ పచ్చడిలో కారం కాస్త దట్టించమ్మా. మన తోటమాలి నిన్నటినుంచి ఆకలితో ఉన్నాడు."