మెత్తటి అన్నం

ఓబులేసుకు ఉద్యోగం పోయి పదకొండు రోజులైంది. ఆ సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.

రోజూ పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. భార్య ఈశ్వరమ్మ కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని పత్రికాఫీసుకు పోతున్నట్టే బయల్దేరతాడు. సందు మలుపు తిరగ్గానే ఊరి బయటికి, పెన్న ఒడ్డున ఉన్న చిన్న దర్గాకు పోతాడు. సాయంత్రం ఆరు దాకా అక్కడే కూర్చుని, అలసిపోయిన మొహం పెట్టుకుని ఇంటికొస్తాడు. అలసట మాత్రం నటన కాదు, పాపం. దాచడం కూడా కష్టమైన పనే కదా!

దర్గాలో జమాల్ తాత ఉంటాడు. దూదేకులాయన. ఎనభై ఏళ్ళు దాటాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. పరుపులు కుట్టుకుంటూ, వచ్చినవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెబుతూ... అబద్ధమెందుకు, ఆయన మాటలేం చెప్పడు. వచ్చినవాళ్ళు చెప్పేది వింటూ దూది ఏకుతాడు, అంతే. అయినా జనం ఆయన్ని గురువంటారు. ఓబులేసు మీసాలు వచ్చినప్పటి నుంచీ ఆయన శిష్యుడే. పెళ్ళైన కొత్తలో ఈశ్వరమ్మను కూడా తీసుకొచ్చి ఆయన కాళ్ళకు మొక్కించాడు.

ఉద్యోగం పోయిన తీరు చెబితే నవ్వొస్తుంది. ఓబులేసు ముందు మాత్రం నవ్వకండి.

పదిహేనేళ్ళుగా ఒక పత్రికలో విలేకరి. కుళాయి నీళ్ళు, మార్కెట్ యార్డు, మంత్రిగారి పర్యటన, ఇవీ అతను రాసేవి. రాయాలని ఉన్నవి వేరు. పాత బావులు, కూలిన బురుజులు, వాటి చుట్టూ బతికిన మనుషులు. అవి రాసిస్తే ఎడిటర్ "బాగుందయ్యా, చోటేదీ?" అనేవాడు. పోటీ పత్రిక ఆదివారం పుస్తకం వాళ్ళు చోటిచ్చారు. ఇంకేం, 'సంచారి' అని మారుపేరు పెట్టుకుని రెండేళ్ళు రాశాడు. ఈశ్వరమ్మకు కూడా చెప్పలేదు.

అదిగో, ఒక ఆదివారం ఈ దర్గా వెనకున్న దిగుడుబావి గురించి అక్కడ వ్యాసం వచ్చింది. ఆ బావి ఎండిపోతోందని అదే రోజు సొంత పత్రికలో అతను రాసిన వార్తా వచ్చింది. బావికి నలభై ఒక్క మెట్లని రెండింట్లోనూ ఉంది. నిజానికి ఉన్నవి నలభై మూడు. ఎడిటర్ ఈ ఊరివాడే, ఆ బావిలోనే ఈత నేర్చుకున్నవాడు. రెండు పత్రికలూ పక్కపక్కన పరిచి, "ఓబులేసూ, ఈ బావికి నలభై ఒక్క మెట్లనుకునే మనిషి జిల్లా మొత్తంలో ఒక్కడే ఉంటాడయ్యా" అన్నాడు.

పావుగంటలో అంతా అయిపోయింది. బయటికొచ్చే కంగారులో ఓబులేసు తన గొడుగు కూడా బల్ల పక్కనే మరిచిపోయాడు. దానికోసం మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కడానికి మొహం చెల్లలేదు.

పదకొండో రోజున అతను తాత ముందు మనసులో ఉన్నదంతా వెళ్ళగక్కాడు.

"నేను చేసింది అంత పెద్ద తప్పా తాతా? సెలవు రోజున, నా ఇంట్లో కూర్చుని, నా చేత్తో రాసుకున్నా. వాళ్ళ వార్త ఒక్కటైనా పక్కోళ్ళకు మోసినానా?"

తాత దూది ఏకుతూనే ఉన్నాడు.

"పదిహేనేండ్లు తాతా! ఒక్క మెట్ల లెక్క తప్పినందుకు నన్ను వీధిలోకి తోసేసిరి."

"బావి దిగినావా?" అన్నాడు తాత.

"పైనుంచే ఎంచినా. అడుగున నీళ్ళుండె."

"ఊఁ. నీళ్ళ కింద రెండున్నాయిలే" అని తాత మళ్ళీ పనిలో పడ్డాడు. తల ఎత్తకుండానే, "ఇంట్లో చెప్పినావా?" అన్నాడు.

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "ఆమె తట్టుకోలేదు తాతా. ఇంకో కొలువు దొరికినాక మెల్లగా చెప్తా. నేను విలేకరిని కదా, ఊర్లో ఎవరింట్లో ఏం ఉడుకుతాందో నాకు తెలుస్తాది గానీ, నా మాట బయటికి పోనిస్తానా? ఇన్ని దినాలైనా ఈశ్వరమ్మకు ఈ పిసరంత అనుమానం రాలేదంటే చూడు!"

అంత బాధలోనూ ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం పలికింది. తాత చేతిలో దూది ఒక్క క్షణం ఆగింది.

ఎండ నడినెత్తికొచ్చింది. తాత రెండు పళ్ళేలు కడిగి తెచ్చాడు. ఓబులేసు క్యారియర్ విప్పాడు. రోజూ ఇద్దరూ అదే పంచుకుని తింటున్నారు. మూత తీయగానే ఓబులేసు మొహం చిట్లించాడు.

"మళ్ళీ ముద్దే! పది దినాలుగా ఇదే వరస తాతా. అన్నం పలుకు పలుకుగా లేకుంటే నాకు దిగదు. పదహారేండ్ల కాపురంలో ఏనాడూ ఇట్లా వండలేదు. పప్పులో కారమే లేదు. చెనక్కాయల పచ్చడి చూడు, కాటుక మాదిరి నూరి పెట్టింది. నాకు రోట్లో వేసి రెండు పోట్లేస్తే చాలు, పంటికి పలుకులు తగలాల. అడిగితే 'పొయ్యి మీద పెట్టి మరిచిపోయినా' అంటాది. ఏం మరుపో!"

తాత తన పళ్ళెంలో అన్నం పెట్టుకున్నాడు. పప్పు కలిపాడు. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా చప్పరించి మింగాడు. ఇంకో ముద్ద. ఇంకోటి. పళ్ళెం సగమయ్యాక ఓబులేసు వైపు తిరిగి, నోరు బార్లా తెరిచాడు.

"ఆఁ" అన్నాడు.

ఓబులేసుకు అర్థం కాలేదు. "ఏంది తాతా, గొంతుకేమన్నా అడ్డం పడిందా?"

తాత నోరు మూయలేదు. చూపుడువేలితో కింది చిగుళ్ళు తట్టి చూపించాడు, పై చిగుళ్ళు తట్టి చూపించాడు. ఒక్క పన్ను లేని ఆ నోరు పసిబిడ్డ నోరులాగా ఉంది.

ఓబులేసు ఆ నోటిని చూశాడు. పళ్ళెంలోని మెత్తటి అన్నాన్ని చూశాడు. కారం లేని పప్పునూ, కాటుకలా నూరిన పచ్చడినీ చూశాడు. మూడు గిన్నెల క్యారియర్ ఉండాల్సిన చోట నాలుగు గిన్నెలది ఉంది. నాలుగో గిన్నె ఎప్పట్నుంచి వస్తోందో అతనికి గుర్తే లేదు.

అప్పుడతని చూపు గోడవైపు పోయింది. పొద్దున వాకిట్లో ఈశ్వరమ్మ అతని చేతికి గొడుగు అందించింది. "ఎండ మండిపోతాంది, పట్టుకుపో" అంది. అతను ఆలోచన లేకుండా పట్టుకొచ్చి ఇక్కడ గోడకు చేరేశాడు. విరిగిన పిడికి నల్లదారం చుట్టిన గొడుగు. పదకొండు రోజుల కిందట పత్రికాఫీసులో బల్ల పక్కన మరిచిపోయిన గొడుగు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆఫీసు నుంచి ఎవరో దాన్ని ఇంటికి తెచ్చిచ్చి ఉంటారు. ఎందుకు తెచ్చారో కూడా చెప్పే ఉంటారు. ఆ రోజు నుంచీ ఆమె తన చొక్కాకు ఇస్త్రీ చేస్తూనే ఉంది, "ఈ దినం పనెక్కువుండెనా?" అని అడుగుతూనే ఉంది, అతను పోయి కూర్చునేది ఈ తాత దగ్గరేనని తెలిసి ఇద్దరికి వండుతూనే ఉంది. అతనికి ఏడుపు ఆగలేదు. నలభై ఏళ్ళ మగాడు, పళ్ళెం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తాత పక్కనున్న కుప్పలోంచి ఏకిన దూది గుప్పెడు తీసి అతని ఎడంచేతిలో పెట్టాడు. ఓబులేసు దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

"అన్నీ తెలిసి కూడా ఒక్క మాట అడగలేదే తాతా! ఎందుకడగలేదు?"

"నాకేం తెలుసు నాయినా. ఇంటికి పోయి ఆమెనే అడుగు."

ఓబులేసు పళ్ళెంలో ఉన్నదంతా మెతుకు మిగలకుండా తిన్నాడు. క్యారియర్ కడిగాడు. ఒంటిగంటన్నా దాటలేదు. ఈ పదకొండు రోజుల్లో ఆ వేళప్పుడు అతను దర్గా గడప దాటింది లేదు. గొడుగు విప్పుకుని ఎండలోకి దిగాడు.

పది అడుగులు పోయాక వెనకనుంచి తాత పిలిచాడు.

"ఓబులేసూ! రేపట్నుంచి అన్నం నీకు పలుకుగానే వండమని చెప్పు. నేను చారులో నానబెట్టుకుంటాలే."